తెర మీద ఒక్క లైను

ఎదురుగా కూర్చున్న మీలో సగం మంది నాతోపాటు బెంచీ ఎక్కి నిలబడినవాళ్లే!

కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఇప్పటి వాటి సంగతి మీ పిల్లలే నాకన్నా బాగా చెబుతారు. నేను 1998 నాటి మెయిన్‌ఫ్రేమ్ గురించి చెబుతాను.

అప్పుడు అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో వైటూకే పని చేస్తున్నాను. కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా వెతికి సరిచేయడం. హైదరాబాదు నుంచి కూడా కొందరు అదే మెషీన్ మీద పనిచేసేవారు. వాళ్లెవరో తెలియదు. అందులో మనుషులకు పేర్లుండవు, ఏడక్షరాలకు మించని యూజర్ ఐడీలే.

ఒక రాత్రి ఎంటర్ కొట్టగానే తెర ఖాళీ అయి, పైన ఒక లైను వచ్చింది. ఇంగ్లిషు పెద్దక్షరాలు, భాష మాత్రం తెలుగు. "మీది మా ఊరి హైస్కూలేనటగా? ఏ బ్యాచ్?" కింద మూడు నక్షత్రం గుర్తులు. మళ్లీ ఎంటర్ కొడితేగానీ మన పని మన ముందుకు రాదు. బ్యాచ్ చెప్పాను. "ఒరే నువ్వా!" అని వచ్చింది జవాబు. చూస్తే మన వెనక బెంచీవాడే! ఇదిగో, ఆ మూడో వరసలో నవ్వుతున్నాడు.

ఆ వ్యవస్థను టీఎస్ఓ అనేవాళ్లం. సెండ్ అని కొట్టి, కోట్స్ మధ్య మాట రాసి, అవతలివాడి ఐడీ ఇవ్వాలి. ఒకసారికి 115 అక్షరాలే. చివర లాగాన్ అని చేరిస్తే, అవతలివాడు లేకపోయినా దాచి ఉంచి, వచ్చాక చూపిస్తుంది, తలుపు సందులో కార్డు పెట్టి వెళ్లిన పోస్ట్‌మాన్‌లాగా. ఆ 115 అక్షరాల్లోనే మేము లెక్కల మాస్టారి బెత్తాన్నీ, జామచెట్టునీ మళ్లీ చూసుకున్నాం.

అయితే సందేశాలు వాడొక్కడివే కాదు. "ఆ ఫైలు పట్టుకుని కూర్చున్నావు, వదులు" అని టీమ్‌లో ప్రతివాడూ పంపేవాడే. ఒక శుక్రవారం సాయంత్రం విసుగొచ్చి ప్రొఫైల్ నోఇంటర్‌కామ్ అని కొట్టాను. అంటే, ఎవరి మాటా నాకొద్దని. రాత్రి పదకొండు దాకా హాయిగా పనిచేసుకున్నాను.

సోమవారం లాగాన్ అవగానే తెర మీదకొచ్చింది. "ఒరే, లెక్కల మాస్టారికి బాగాలేదు. నిన్ను అడుగుతున్నారు. వెంటనే ఇంటికి ఫోన్ చెయ్యి." వాడు పంపింది శుక్రవారం రాత్రి, మనకు శనివారం పొద్దున.

ఫోన్ చేశాను. మాస్టారు ఆదివారమే పోయారు. నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది ఆయనే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

తరవాత వీడు ఎన్నోసార్లు నన్ను ఓదార్చాడు. "నువ్వు సిస్టమ్‌లో లేవు కదరా, నీ తప్పేముంది" అని. నేను తలూపి ఊరుకునేవాణ్ణి. ఇన్నేళ్లూ అలాగే ఊరుకున్నాను.

ఉన్నానురా. ఆ రాత్రి నేను సిస్టమ్‌లోనే ఉన్నాను.