మెడికల్ ఎయిడ్ ఉత్తరాలు – మన డాక్టర్లు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పద్యాలు, పాటలు వినాలి గాని డాక్టరు బిల్లుల గొడవ ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. కార్యవర్గం వారిని నేనూ అదే అడిగాను. "డాక్టరో, నర్సో, మందుల షాపో లేని కుటుంబం మనలో ఎన్ని ఉన్నాయి? చెప్పండి" అన్నారు. సరే, చెబుతాను. నాది మా అవ్వ దగ్గర నేర్చిన తెలుగు, తప్పులుంటే మన్నించండి.

1860లో మద్రాసు నుండి మొదటి ఓడ డర్బను రేవు చేరింది. చెరకు తోటల్లో చెమటోడ్చిన వారి మనుమలు డాక్టర్లు కావడానికి ఎంతకాలం పట్టిందో మీకు తెలుసు. తెల్లవారు కానివారి కోసం డర్బనులో వైద్య కళాశాల 1951లో గాని తెరవలేదు. అక్కడ చదివినవారు మన పేటల్లోనే చిన్న చిన్న గదులు తీసుకొని బోర్డులు కట్టారు. నేను ఆ తరువాతి తరం వాడిని. చాట్స్‌వర్త్‌లో ప్రాక్టీసు పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. 1998 నాటి మెడికల్ స్కీముల చట్టంలో 59వ సెక్షను ఉన్నది. బిల్లు సక్రమంగా ఉంటే, అందిన 30 రోజులలో స్కీము డబ్బు కట్టాలని అందులో ఒక భాగం చెబుతుంది. మంచిదే. కాని దాని వెనుకనే ఇంకొక భాగం ఉన్నది. పొరపాటున కట్టిన డబ్బును గాని, మోసం వలన నష్టపోయిన డబ్బును గాని, తరువాత రావలసిన బిల్లులలో నుండి స్కీము పట్టుకోవచ్చు. మోసం జరిగిందా లేదా అని మొదట తేల్చేది ఎవరు? స్కీమే. ఫిర్యాది వారే, న్యాయాధిపతి వారే, వసూలుదారు కూడా వారే.

2017లో నాకొక ఉత్తరం వచ్చింది. పెద్ద స్కీము, పేరు చెప్పను. నేను దీర్ఘ పరీక్ష కోడును తోటి డాక్టర్లకంటె ఎక్కువసార్లు వాడానట, మూడేళ్ల ఫైళ్లు పంపాలట. నా రోగులలో సగంమంది చక్కెర వ్యాధి ఉన్న ముసలివారు. పాదం చూడాలి, కన్ను చూడాలి, కోడలిమీద చాడీలు కూడా వినాలి. అయిదు నిమిషాల్లో అయ్యే పని కాదు. ఫైళ్లు పంపాను. వాదన వినలేదు. నా రెండు నెలల ఆదాయానికి మించిన మొత్తం బాకీ ఉన్నట్లు ఒక కాగితం పంపి సంతకం చేయమన్నారు. చేయకపోతే ఇకమీద డబ్బు నాకు కాదు, రోగి చేతికే ఇస్తామన్నారు. ఒక నెల అలాగే చేశారు కూడా. ఒక ముసలమ్మ ఆ నోట్లు కొంగున ముడివేసి తెచ్చి ఇచ్చింది. కొందరు పిల్లల స్కూలు ఫీజు కట్టుకున్నారు. వారినేమని నిందించను? గది అద్దె, నర్సు జీతం ఆగవు గదా. సంతకం పెట్టాను. తప్పు చేయకుండానే తప్పు ఒప్పుకున్నాను. ఈ మాట ఇన్నేళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదు.

నాకొక్కడికే అనుకున్నాను. 2019లో నల్లజాతి, భారతీయ డాక్టర్లు చాలామంది బహిరంగంగా ఫిర్యాదు చేశారు. స్కీములపై అజమాయిషీ చేసే కౌన్సిలు, న్యాయవాది టెంబెకా న్గుకైటోబీ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. మధ్యంతర నివేదిక 2021 జనవరిలో వచ్చింది. 2012 నుండి 2019 వరకు, నల్లజాతి డాక్టర్లను, అంటే ఈ దేశపు చట్టం లెక్కలో మనమూ అందులోనివారమే, మోసం కింద తప్పుపట్టే అవకాశం ఇతరులకంటె 1.4 రెట్లు అని అందులో ఉన్నది. కావాలని జాతిద్వేషంతో చేశారని కాదు, జరిగిన ఫలితం అది అని వారన్నారు. స్కీములు ఈ లెక్క కట్టిన పద్ధతినే ఒప్పుకోలేదు. తుది నివేదిక 2025 జూలైలో వెలువడింది. వివక్ష మాట అందులోనూ నిలిచింది.

ఇందులో ఒక చిత్రం చూడండి. స్కీముల పుస్తకాల్లో డాక్టరు జాతి రాసి ఉండదు. కనుక ఇంటిపేర్లను బట్టి లెక్క కట్టారు. మన తాతల నాయుడు, రెడ్డి అన్న కులనామాలను గుమాస్తాలు తమకు తోచిన అక్షరాలతో రాసుకోగా, అవే మనకు ఇంటిపేర్లయినవి. ఆ పేర్లే ఇప్పుడు సాక్ష్యానికి పనికివచ్చాయి.

మనవారందరూ సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. చూడని రోగికి బిల్లు వేసినవాడు ఉన్నాడు, నేనెరుగుదును. స్కీములో ఉన్నది సభ్యుల సొమ్ము, దొంగను పట్టుకోవలసిందే. నా కోరిక ఒక్కటే. డబ్బు పట్టుకునే ముందు, ఆ డబ్బుతో సంబంధంలేని మూడోవాడు ఇద్దరి మాటా వినాలి. దానికి 59వ సెక్షనే మారాలి. నివేదిక ఎంత మంచిదైనా చట్టం కాదు, మార్చవలసింది పార్లమెంటు. కనుక మన డాక్టర్ల సంఘాలు, సభ కార్యవర్గం కలిసి మన ప్రాంతపు సభ్యులకు ఉత్తరాలు రాయాలి. ఒక్కొక్క డాక్టరు విడిగా అరిస్తే బాకీదారుడి ఏడుపులాగే వినిపిస్తుంది.

రోగులైన మీరు కూడా రెండు పనులు చేయండి. బిల్లు, వైద్యం జరిగిన నెల తరువాత నాలుగో నెలాఖరులోగా స్కీముకు చేరాలి, ఆలస్యం చేయకండి. డాక్టరుకు రావలసిన డబ్బు మీ ఖాతాలో పడితే, అది మీది కాదని గుర్తుంచుకోండి. స్కీము అన్యాయం చేసిందనిపిస్తే కౌన్సిలుకు ఫిర్యాదు రాయవచ్చు. వారు ఆ ఫిర్యాదును స్కీముకు పంపి, 30 రోజులలో జవాబు చెప్పమంటారు. 2017లో నాకు ఆ మాటయినా చెప్పినవాడు లేడు.

భోజనాల తరువాత హాలు వెనుక బల్ల దగ్గర కూర్చుంటాను. కుర్ర డాక్టర్లలో ఎవరికైనా అటువంటి ఉత్తరం వచ్చి ఉంటే, సంతకం పెట్టకముందు నాకు తెచ్చి చూపండి.