రాబందు పోతే రైతుకేం నష్టం?



మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో మనమంతా పశువుల మీద, గొర్రెల మీద ఆధారపడ్డవాళ్లమే. అందుకే రాబందు సంగతి మాట్లాడుకుందాం.

ఒకప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిపడితే రాబందుల గుంపు దిగేది. అవి వాసన పట్టి రావు, ఎంతో ఎత్తు నుంచి కంటితోనే పసిగడతాయి. కాసేపట్లో ఎముకలే మిగిల్చేవి. చాలా రకాల రోగక్రిములు వాటి కడుపులోని ఘాటైన ఆమ్లానికి చచ్చిపోతాయి.

1992కూ 2007కూ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 1000కి ఒక్కటే మిగిలింది. వాటిని వేటాడి చంపలేదు. పశువుకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూదే వాటి పాలిట విషమైంది. మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తింటే రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. కళేబరాలు కుక్కల పాలైతే కుక్కలు పెరుగుతాయి. అప్పుడు మన గొర్రెపిల్లలకూ, మన పిల్లలకూ కాటు ప్రమాదమే.

పశువులకు ఆ మందును ప్రభుత్వం 2006లో నిషేధించింది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించింది. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్‌ను గొడ్డుకు వేయించొద్దు. రాబందుకు హాని చేయని మెలోక్సికామ్ ఉంది, డాక్టరుగారిని అదే అడుగుదాం. ప్రతి పశువైద్యశాలలో అది ఉచితంగా దొరకాలని గట్టిగా కోరదాం.

రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. ఆలస్యం చేస్తే తిరిగి రావు.