లేసు పనియు, లెక్క పుస్తకమును

 

పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున గోదావరీ తీరమును జేరిన లేసు అల్లిక నేడు నరసాపురమునకు పేరు దెచ్చినది. 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపును బొందినది. అయినను అల్లిన చేతికి దక్కిన దెంత?

ఏజెంటు దారమిచ్చును. పువ్వుల నల్లునది యొకతె, వానిని అతుకునది వేఱొకతె, నిండు వస్తువు నమ్మువాడు మఱియొకడు. అమ్ముడు ధరను అల్లినయామె యెఱుగదు. గృహిణి యనుటచేతనే యామె శ్రమ శ్రమగా లెక్కకు రాలేదని జర్మను పండితురాలగు మరియా మీస్ 1982లో గ్రంథముఖమున జూపినది. వంటయు, బిడ్డల పనియు ముగిసిన పిదప దీపము చెంత కన్నులు నొప్పించుకొని చేసినది తీరిక పని యెట్లగును?

కావున సొంత వ్యాపారము పెట్టదలచిన సోదరి సూదితోపాటు లెక్క పుస్తకమును గూడ చేపట్టవలెను. దారము వెల, అల్లిన గంటల కూలి, ఉతుకుటకును గంజి పెట్టుటకును ఐన ఖర్చు, రవాణా, పాడైన సరకు - ఇన్నియు గూడిన పిమ్మటనే ధర చెప్పవలెను. గంటల కూలి చేరని ధరకు అమ్ముట వ్యాపారము గాదు, దానము. పదిమంది కలిసి దారమును టోకున గొన్నచో వెల తగ్గును.

పెద్దలారా! మన యాడుబిడ్డ అల్లిన గుడ్డకు బేరమాడుటకు ముందు, ఆమె దానికై యెన్ని రాత్రులు కూర్చుండెనో యొకపరి యడుగుడు. సెలవు.