పరుగు పరీక్ష ముందు కాలు నొప్పి: ఇంట్లోవారు తెలుసుకోవలసినవి

మీ మీ పేషెంట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఈ కాస్త సమయంలో ఒక చిన్న విషయం మాట్లాడుకుందాం. నొప్పి చిన్నదే, కాని దానిమీద ఒక ఉద్యోగం ఆధారపడి ఉంటుంది.

పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే మా ఎముకల ఓ.పి.లో కుర్రవాళ్ళు ఎక్కువవుతారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తవలసి ఉండేది. రెండు మూడు నెలలు చేయవలసిన సాధనను చాలామంది రెండు వారాల్లో, అదీ తారురోడ్డు మీద చేస్తారు. అక్కడే కాలు దెబ్బతింటుంది.

ఒకసారి ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చాడు. పరుగుకు ఇంక తొమ్మిది రోజులే ఉంది. మోకాలి కింద, ముందరి ఎముక లోపలి అంచున నొప్పి. ఎప్పటినుంచి బాబూ అంటే, నిన్నటినుంచి సార్ అన్నాడు. తండ్రి చీటీ రాయించుకు రావడానికి బయటికి వెళ్ళగానే, "మూడు వారాలైంది సార్, నాన్నకు చెప్పకండి. నా కోచింగ్‌కి అప్పు చేశాడు" అన్నాడు.

నొక్కి చూశాం. నొప్పి నాలుగు వేళ్ళ మేర పరచుకుని ఉంది. ఇలాంటిది ఎక్కువగా కండరాలు, ఎముక మీది పొర ఒత్తిడికి గురై వచ్చేదే, విశ్రాంతితో తగ్గుతుంది. అలా కాక ఒక్క వేలు మోపినంత చోటే చురుక్కుమంటూ, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నని బీట పడి ఉండవచ్చు. మొదటి రెండు మూడు వారాలు అది ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. ఎక్స్‌రే బాగుందిగా, పరుగెత్తు అని మీరు తొందరపెట్టకండి.

చీలమండ మడత పడి నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా అక్కడి ఎముకను నొక్కితే బాగా నొప్పి పెడితే అదే రోజు ఆస్పత్రికి రండి. అంత లేకపోతే ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. కాలిని దిండు మీద ఎత్తుగా ఉంచండి. మొదటి రెండు మూడు రోజులు కాపడం, మర్దన వద్దు. బిగించి కట్టిన కట్టు వల్ల వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయండి. కట్టినవారు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

"పరుగు ఆపితే దమ్ము పోతుంది కదా సార్?" అందరూ అడిగేది ఇదే. వారం రోజుల్లో తగ్గే దమ్ము చాలా కొద్ది. నొప్పి రాకపోతే సైకిలు తొక్కవచ్చు, ఈత కొట్టవచ్చు. మా కుర్రవాడు ఐదు రోజులు సైకిలే తొక్కాడు. అరగంట చురుగ్గా నడిచినా, ఒంటికాలి మీద పదిసార్లు గెంతినా నొప్పి రాలేదని చూశాకే మట్టి గ్రౌండులో మెల్లగా పరుగెత్తనిచ్చాం. తండ్రికి కూడా, అబ్బాయి ఒప్పుకున్నాక, మేమే నచ్చజెప్పాం. ఆయన కోపపడలేదు. "నాకు చెప్తే తిడతానా?" అని మాత్రం అన్నాడు.

పరుగు రోజున నొప్పి సూది వేయించుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. సూది నొప్పిని కప్పేస్తుంది, లోపలి బీటను కాదు. దానితో పరుగెత్తితే బీట కాస్తా విరుగుడు కావచ్చు. పైగా నీళ్ళు తక్కువ తాగి ఎండలో పరుగెత్తేవారికి ఆ మందుల వల్ల కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆ అబ్బాయి పరుగు గట్టెక్కాడు. అందరికీ అలా జరుగుతుందని నేను చెప్పలేను. మరో అమ్మాయికి నిజంగానే బీట పడింది. ఆరు వారాలు పరుగు మానేయాలన్నాం. ఆ పరీక్ష తప్పిపోయింది. వాళ్ళమ్మ మా వరండాలోనే కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల కూడా నెలరోజులు ఇంట్లో నొప్పి దాచింది.

అందుకని సాధన నుంచి రాగానే ఎన్ని నిమిషాలు పట్టిందని అడిగే ముందు, కాలు ఎలా ఉందని అడగండి. కుంటుతున్నారేమో మీ కళ్ళతో చూడండి. ఓ.పి.కి తీసుకొచ్చేటప్పుడు వాళ్ళు పరుగెత్తే బూట్లు కూడా పట్టుకురండి, ఎటువైపు అరిగాయో చూస్తాం.