పళ్ల చక్రం ఎక్కడుంది?

మా మాస్టారి పేరిట మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన పాఠాల గొప్పతనం మీలో చాలామంది నాకంటే బాగా చెప్పగలరు. నాకు గుర్తున్నది ఒక సాయంత్రం. నా సైకిలు చెయిన్ ఊడిపోతే, ఉతికిన తెల్లపంచె మాసిపోతుందని చూడకుండా రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఎక్కించారు. ఎక్కించాక, "ముందు పళ్లెన్నో లెక్కపెట్టరా" అన్నారు. ఇప్పటికీ పిల్లలతో నేను చేసే పని అదే.

యంత్రాల పుట్టుక గురించి పిల్లలతో మాట్లాడేవాళ్లు సాధారణంగా 1901లో గ్రీసు సముద్రంలో ఆంటికితెరా దగ్గర దొరికిన కంచు పరికరం చూపిస్తారు. భోజుడి సమరాంగణ సూత్రధారం, 1206 నాటి అల్ జజరీ గ్రంథం ప్రస్తావిస్తారు. అవి తెలిసినవే. నా తగువంతా నీటి చక్రం దగ్గరే.

ఎద్దు గుండ్రంగా నడుస్తూ పళ్ల చక్రాన్ని తిప్పి బావిలోంచి కుండల గొలుసుతో నీళ్లు తోడే యంత్రాన్ని హిందీలో రహట్ అంటారు. ఇది మనకు అతి ప్రాచీనమని చెప్పేవాళ్లు అమరకోశంలోని ఘటీయంత్రం చూపిస్తారు. మృచ్ఛకటికం చివర, బావి యంత్రం కుండలు నిండుతూ ఒలుకుతూ ఉండే కూపయంత్ర ఘటికా న్యాయం చూపిస్తారు. 1969లో వారణాసిలో, భారత చరిత్ర కాంగ్రెస్‌లో చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ దీనికి అడ్డం తిరిగారు. పాత మాటలు పళ్ల చక్రానికి సాక్ష్యం కావనీ, అది తురుష్కుల రాకతో వచ్చిందనీ ఆయన వాదం. ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో నా మిత్రులూ ఉన్నారు.

న్యాయంగా చూద్దాం. చక్రం అంచుకే కుండలు కడితే, ఇరుసు నుంచి అంచుకు ఎంత దూరమో అంతకు మించిన లోతులో నీరు అందదు. బావి లోతైనదైతే గొలుసు తప్పదు. కాబట్టి "కూపం" అన్న మాట గొలుసుకు సాక్ష్యమైతే కావచ్చు. పళ్లకు మాత్రం కాదు. కుండ నిండటం, ఒలకటం మనిషి కాళ్లతో తొక్కి తిప్పినా జరుగుతుంది.

"గానుగెద్దు మనకు తరతరాలుగా ఉంది కదా" అని అడుగుతారు. ఉంది. కానీ నూనె గానుగలో ఎద్దు ఎలా తిరుగుతుందో రోకలీ అలాగే తిరుగుతుంది. మధ్యలో పళ్ల అవసరమే లేదు. మోటలో ఎడ్లు వాలులో కిందికి దిగి, మళ్లీ వెనక్కి వస్తాయి, అక్కడా లేదు. బావి మీద చక్రం నిలువుగా తిరగాలి, ఎద్దేమో నేల మీద తిరుగుతుంది. ఆ తిరుగుడు మలుపు తీసుకునే మూలలోనే పన్ను ఉండాలి. బాబరు తన ఆత్మకథలో లాహోర్, దీపాల్పూర్, సర్హింద్ వైపు చూసిన చక్రం గురించి రాస్తూ సరిగ్గా ఆ మూలనే చూపించాడు: నిలువు ఇరుసు మీది చక్రాన్ని ఎద్దు తిప్పుతుంది, దాని పళ్లు పక్క చక్రం పళ్లలో పడతాయి. ఇంత స్పష్టంగా చెప్పిన పాత సంస్కృత వాక్యం ఎవరైనా చూపిస్తే నా మాట ఈ వేదిక మీదే వెనక్కి తీసుకుంటాను.

ఇందులో దేశానికి తక్కువేమీ లేదు. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో పాదరసంతో తనంతట తాను తిరిగే చక్రం చెప్పాడు. అది తిరగదు. కానీ ఎడతెగని చలనం అనే ఊహ ఐరోపాకు ఇక్కడినుంచే వెళ్లిందని చరిత్రకారుడు లిన్ వైట్ 1962లో వాదించారు. ఆ గౌరవం రహట్ అతి ప్రాచీనమన్న వాదం కంటే గట్టి నేల మీద ఉంది.

ఇప్పుడు మా పిల్లలు చేస్తున్న పని. మొదట చేతి డ్రిల్లు విప్పించాను. పిడి నిలువుగా తిరిగితే బిట్టు అడ్డంగా ఎలా తిరిగిందో చూశారు. తర్వాత లారీ షెడ్డులో వెనక ఇరుసు తెరిపించి క్రౌన్, పినియన్ చూపించాను. ఒక అమ్మాయి గ్రీజులో వేలు పెట్టి, ఒక్కో పన్నూ తడుముతూ లెక్కపెట్టింది. బాబరు చెప్పిన మూల అదే. ఇప్పుడు ఆ వర్ణన పట్టుకుని తుమ్మకర్రతో నమూనా చేస్తున్నాం. మొదటి చక్రంలో పళ్లు రెండు విరిగాయి. నారకు అడ్డంగా చెక్కామని పెద్ద వడ్రంగి చెప్పాక తెలిసింది. ఆయన దగ్గరే గిలక, మోకు, తొండం, ఇరుసు అంటూ మాటలు పోగుచేస్తున్నాం, ప్రతి మాట పక్కనా బొమ్మ గీస్తున్నాం.

మీ ఊళ్లో పాడుబడ్డ బావి పక్కన కర్ర చక్రం గానీ, చెరకు గానుగ దుంగ గానీ పడి ఉంటే, పొయ్యిలోకి పోకముందే కబురు పంపండి. టేపు పట్టుకుని మేమే వస్తాం.