ఏటి కసువు ఊడ్చిన ఆవిరి పడవ



పొద్దున లేవగానే వాకిలి కసువు ఊడుస్తాం. ఊడ్చిననాడు మెచ్చుకునేవారు ఉండరు. ఊడ్వని రోజు మాత్రం అందరి కళ్ళకూ కనబడుతుంది. ఇంటికి మనం చేసే ఈ చాకిరీనే నదికి చేసిన పడవలు ఉన్నాయంటే నమ్ముతారా? ఈ రోజు వాటి సంగతి చెప్పుకుందాం.

అమెరికాలో మిసిసిపీ అని పెద్ద నది. రైళ్ళు రాకముందు సరుకులకూ, మనుషులకూ అదే రహదారి. వరద వచ్చినప్పుడల్లా గట్లు కోసుకుపోయి చెట్లు వేళ్ళతో సహా ఏట్లో పడేవి. వేళ్ళు అడుగున బురదలో దిగబడితే, మొద్దు నీళ్ళకింద బల్లెంలా పొంచి ఉండేది. పడవ దానికి తగిలిందా, అడుగు చిల్లుపడి మునగడమే!

హెన్రీ మిల్లర్ ష్రీవ్ అనే పడవల కెప్టెన్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. 1829లో ఆయన నడిపించిన ఆవిరి పడవ పేరు హీలియోపోలిస్. రెండు పడవలను పక్కపక్కన జోడించి, ముందు వైపు రెంటినీ కలుపుతూ ఇనుము తొడిగిన పెద్ద దూలం బిగించారు. వేగంగా వచ్చి ఆ దూలంతో మొద్దును ఒక్క పోటు పొడిచేది. ఊడివచ్చినదాన్ని పైకి లాగి పడవమీదే రంపంతో కోసేవారు. జనం ఈ పడవలకు ‘పళ్ళు పీకేవి’ అని ముద్దుపేరు కూడా పెట్టారు.

1833లో ష్రీవ్ రెడ్ నదికి వెళ్ళాడు. అక్కడ కొట్టుకొచ్చిన చెట్లు ఏళ్ళ తరబడి పేరుకుని, 100 మైళ్ళకు పైగా దారి మూసేశాయి. 1838కి ఆయన దారి తెరిచాడు. ఆయన పేరుమీదే ష్రీవ్‌పోర్ట్ అనే ఊరు వెలిసింది. కానీ ఆ తర్వాత శుభ్రం చేసే పని నిలకడగా సాగలేదు. దుంగలు మళ్ళీ చేరాయి, నది మళ్ళీ మూసుకుపోయింది. పేలుడుమందు పెట్టి 1873లో తొలగించేదాకా ఆ బెడద తీరలేదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రెస్టన్ అనే ఆవిరి పడవ 1929 నుంచి 1981 దాకా ఇదే చాకిరీ చేసింది. తర్వాత దాన్ని అనకోర్టెస్ అనే ఊళ్ళో ఒడ్డుకు చేర్చారు. 1989లో జాతీయ చారిత్రక చిహ్నమన్న గౌరవం దక్కింది.

ఇక మన బుక్కపట్నం చెరువు సంగతి చూడండి. చిత్రావతి నీళ్ళతో నిండే ఈ చెరువు విజయనగర రాజుల కాలం నాటిదని చెబుతారు. కట్టడంతోనే పని తీరదని మన సీమ పెద్దలకు తెలుసు. అందుకే చెరువు కట్టినవారికీ, మరమ్మతు చూసుకునేవారికీ దశబంధం పేరుతో ఇనాం భూములు ఉండేవి.

చెరువు మరవ పారితే మనం పసుపు కుంకుమలతో గంగమ్మను పూజిస్తాం. మంచిదే. కానీ వానలకు ముందే వంకలో కంపచెట్లు కొట్టారా, కాలవలో పూడిక తీశారా అని అడిగేవారెందరు? నీళ్ళు లేనినాడు బిందె పట్టుకుని నడిచేది మనమే కాబట్టి, అడగవలసిందీ మనమే. ఓటుకని వచ్చినవారిని కొత్తగా ఏం కట్టిస్తారని కాక, ఉన్నదాన్ని ఏటా బాగుచేయిస్తారా అని అడుగుదాం. ఈలోగా మన చేతిలోని ప్లాస్టిక్ సంచి మోరీలో పడకుండా చూసుకుందాం.