లక్షద్వీప్‌ను కాచే పగడపు దిబ్బలు

లక్షద్వీప్ దీవులు పగడపు దిబ్బల మీదే ఏర్పడ్డాయి. కొండ లేదు, నది లేదు. నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు, అంతే. అరేబియా సముద్రపు అలలకు అడ్డు నిలిచేది ఈ దిబ్బే. పెద్ద అల దాని అంచున విరిగి, బలం చాలావరకు అక్కడే పోగొట్టుకుంటుంది. ఒడ్డున మెరిసే తెల్లని ఇసుక కూడా చాలావరకు పగడాల పొడే.

ఇక బతుకుతెరువు. అక్కడ ముఖ్యమైన వేట ట్యూనా చేప. పట్టేది గాలంకర్రతో. ముందుగా దిబ్బ లోపలి మడుగులో చిన్న చేపలను పట్టి, పడవలో నీళ్లు నింపి బతికించి ఉంచుతారు. బయటి సముద్రంలో ట్యూనా గుంపు కనబడగానే ఆ చిన్న చేపలను ఎరగా నీళ్లలోకి చల్లుతారు. ట్యూనాలు ఎగబడి గాలాలకు చిక్కుతాయి. దిబ్బ లేకపోతే ఎర లేదు. ఎర లేకపోతే ఈ వేటే లేదు. పర్యాటకులు వచ్చేది కూడా ఎక్కువగా పగడాల కోసమే.

నీరు మరీ వేడెక్కితే పగడాలు తమలోని నాచును వదిలేసి తెల్లబడతాయి. 1998, 2010, 2016లో లక్షద్వీప్‌లో అదే జరిగింది. వేడి తగ్గకపోతే చనిపోతాయి. చచ్చిన దిబ్బ క్రమంగా అరుగుతుంది, అలలకు అడ్డు తగ్గుతుంది. దిబ్బను తవ్వినా ఇదే నష్టం. రాతి పగడాలను తవ్వడం, అమ్మడం మన వన్యప్రాణి చట్టం కింద నేరం.